లంబసింగి చలిలో చల్లని ఒళ్ళు

ఆంధ్రదేశంలో పుట్టినవాళ్ళకు ఎండతో ఉన్నంత చుట్టరికం చలితో లేదు. గోదావరి ఒడ్డున ఉండే మాబోటివాళ్ళకు ధనుర్మాసంలో తెల్లవారుజామున ఒక దుప్పటి, భోగినాడు ఒక మంట. అక్కడితో చలి లెక్క సరి. రథసప్తమి దాటిందంటే మళ్ళీ గొడుగులు దులుపుకోవడమే. అటువంటి మన రాష్ట్రంలోనే, రాజమండ్రిలో పొద్దున్నే కాఫీ తాగి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరుకోగల దూరంలో, కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల అంచుదాకా దిగే ఊరొకటి ఉన్నదంటే వినడానికే విచిత్రంగా ఉంటుంది. ఆ ఊరే లంబసింగి. దానికి ‘ఆంధ్రా కాశ్మీరం’ అని ఒక ముద్దుపేరు కూడా ఉంది.

ఆ ఊరు చూడాలని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సరదా పడింది ఎనభై రెండేళ్ళ మా అమ్మ. ఆ తరవాత నేను. మా ఆవిడ దీనికి ఒక కారణం చెబుతుంది: “తల్లీకొడుకులిద్దరికీ ఒళ్ళు పుట్టుకతోనే చల్లన. వీళ్ళు వెళ్ళవలసింది అటువంటి ఊరికే!”

ఇది వేళాకోళమే గాని అబద్ధం కాదు. లోకంలో అందరికీ ఒంటి వేడి 98.6 డిగ్రీలని చెప్పుకుంటారు గదా, నాకూ మా అమ్మకూ మాత్రం అది 96.6 దగ్గర ఉంటుంది. ఒకరోజు పదో వంతు ఎక్కువ, ఒకరోజు తక్కువ. రోగం కాదు, రొష్టు కాదు. కొందరు పొడుగు, కొందరు పొట్టి అయినట్టే ఇదీను. థైరాయిడ్ గ్రంథి మందగించినవాళ్ళకు కూడా ఒళ్ళు చల్లబడుతుందంటే ఇద్దరమూ రక్తపరీక్షలు చేయించుకున్నాం. ఆ బాధేమీ లేదన్నారు. “95కు దిగితే అది ప్రమాదం, వెంటనే రండి. 96, 97 మీకు మామూలైతే హాయిగా ఉండండి” అని డాక్టరుగారు పంపించేశారు.

హాయిగా ఉండమని ఆయన చెప్పారు గాని, థర్మామీటరు ఉండనిస్తే గదా! చిన్నప్పుడు నాకు నిజంగా జ్వరం తగిలిన రోజున కూడా పాదరసం ఆ ఎర్ర బాణం గుర్తు దగ్గరికి వచ్చి మర్యాదగా ఆగిపోయేది. “జ్వరం లేదు, బడికి పో” అనేవారు నాన్నగారు. అమ్మ మాత్రం థర్మామీటరు వంక చూసేది కాదు. నా నుదుటికి తన చెంప ఆనించి, “వీడికి ఒళ్ళు కాలుతోందండీ” అని పక్క వేసేది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇదే కథ వీధిన పడింది. దుకాణాల గుమ్మాల దగ్గర నుదుటికి తుపాకీలాంటి యంత్రం గురిపెట్టేవారు గదా, నా దగ్గరికి వచ్చేసరికి అందులో అంకె పడేది కాదు, ‘లో’ అని పడేది. కాపలా కుర్రాడు యంత్రాన్ని దులిపి, మళ్ళీ పెట్టి, నా ముఖం వంక అనుమానంగా చూసి, “పరవాలేదు మేస్టారూ, వెళ్ళండి” అనేవాడు.

ఆ రోజుల్లోనే మా తమ్ముడి కూతురు ఒక మంచి పని చేసింది. 2021లో రెండో అల వచ్చినప్పుడు ఒక పాత డైరీ తీసి, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ కేటాయించి, ఉదయం, సాయంత్రం ఎవరి ఒళ్ళు ఎంత వేడి ఉన్నదో రాసేది. ఆ భయం తగ్గాక మిగతావాళ్ళం మానేశాం గాని, నాన్నమ్మ పేజీలు మాత్రం ఆ పిల్ల మానలేదు. నెలకు రెండు మూడుసార్లైనా రాస్తూనే ఉంది. ఆ డైరీ సంగతి పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

2024 సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున మేము ఆరుగురం ఒక కారు మాట్లాడుకుని బయలుదేరాం: అమ్మ, నేను, మా ఆవిడ, తమ్ముడు, మరదలు, వాళ్ళ అమ్మాయి. అన్నవరంలో ఆగి సత్యదేవుణ్ణి దర్శించుకున్నాం. ఆకులో కట్టిచ్చే ఆ గోధుమ నూక ప్రసాదం గురించి తెలుగువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. కొండ దిగక ముందే మా ఆరు పొట్లాల్లో నాలుగు ఖాళీ! తుని దాటి, కోటనందూరు మీదుగా నర్సీపట్నం చేరేసరికి పది దాటింది. రైలులో వద్దామనుకునేవాళ్ళకు ఒక మాట. ‘నర్సీపట్నం రోడ్డు’ అని స్టేషను ఉన్నది గాని, పేరులో ఉన్న ఆ రోడ్డే చాలా పొడుగు. రైలు దిగి మళ్ళీ బస్సు ఎక్కవలసిందే.

నర్సీపట్నం నుంచి లంబసింగికి ముప్ఫై కిలోమీటర్ల చిల్లర. డౌనూరు దాటిన తరవాత ఘాటీ మొదలు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్య పాములా మెలికలు తిరిగే దారి. ఒక్కొక్క మలుపుకూ గాలి మారుతూ ఉంటుంది. కింద జామతోటల గాలి, పైన తడిసిన ఆకుల గాలి. పది మలుపులు తిరిగేసరికి తమ్ముడు మఫ్లరు తీశాడు. ఇరవై మలుపులకు మా ఆవిడ శాలువా కప్పుకుంది. అమ్మ మాత్రం కిటికీ అద్దం దించమంది.

“ఈ రోడ్డు వేయించడానికి కొండవాళ్ళ చేత గొడ్డుచాకిరీ చేయించారురా. మా నాన్న చెప్పేవాడు” అంది.

అది నిజమే. బాస్టియన్ అనే గూడెం డిప్యూటీ తహసీల్దారు సరైన కూలి ఇవ్వకుండా మన్యం వాళ్ళ చేత రోడ్డు పని చేయించడం 1922 నాటి తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. మా మాతామహులు చిన్నతనంలో నర్సీపట్నంలో పెరిగినవారు. అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోట విని పెరిగింది మా అమ్మ. కొండలు చూడాలన్న ఆవిడ సరదాకు అసలు కారణం చలి కాదు, అది.

లంబసింగి పెద్ద ఊరేమీ కాదు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలు కోటగోడల్లా నిలబడితే మధ్య పళ్ళెంలో పెట్టినట్టుంటుంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోది. 2022 ఏప్రిల్‌లో పాడేరు ముఖ్యపట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. దీనికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. పేరు పెట్టినవాళ్ళు యాత్రికుల్ని పిలవడానికి పెట్టినట్టు లేదు!

ఇంతకంటే ఎత్తైన కొండలు ఉండగా ఇక్కడే ఇంత చలి ఎందుకు? దీని గుట్టు ఆ పళ్ళెంలోనే ఉన్నది. మబ్బు లేని శీతకాలపు రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలనంటుకున్న గాలి చల్లబడుతుంది. చల్లగాలి బరువు గనక, నీళ్ళలాగే పల్లానికి జారి ఆ లోయలో మడుగు కడుతుంది. తెల్లవారి ఎండ పొడిచేదాకా కదలదు. అంచేత ఒక్కొక్కప్పుడు కొండ నెత్తి మీదకంటే కొండ ఒడిలోనే చలి ఎక్కువ.

మేము దిగిన బస నాలుగు గదుల పెంకుటిల్లు. యజమాని అక్కడి బగత కులస్థుడు. కాఫీ తోట ఉన్నది. సాయంత్రం అయిదు గంటలకే ఎండ కొండ వెనక్కి వెళ్ళిపోయింది. ఏడు గంటలకు ఆయన వాకిట్లో నెగడు వేశాడు. ఎండు దుంగలు చిటపటలాడుతుంటే చుట్టూ కూర్చున్నాం. గోడకు తగిలించిన థర్మామీటరు సెంటిగ్రేడులో ఆరు డిగ్రీలు చూపిస్తోంది. అందరూ చేతులు మంటకు చాపారు. మా మరదలు నా చెయ్యి తాకి ఉలిక్కిపడి, “బావగారూ, మీరు నెగడు దగ్గరున్నారా, బావిలో ఉన్నారా?” అంది.

అందరూ నవ్వారు. అప్పుడు మా తమ్ముడి కూతురు, “పెదనాన్నా, ఈ 98.6 అన్న లెక్క అసలు ఎవరు పెట్టారు?” అని అడిగింది. మేస్టారు ఉద్యోగం చేసినవాణ్ణి గదా, నెగడు దగ్గర పాఠం మొదలుపెట్టాను.

జర్మనీ దేశంలో లైప్‌జిగ్ అనే నగరంలో వుండర్‌లిష్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన తన ఆసుపత్రికి వచ్చిన సుమారు 25 వేల మంది రోగుల ఒంటి వేడిని చంకలో థర్మామీటరు పెట్టి కొలిపించాడు. లక్షలమీద లెక్కలు పోగుచేశాడు. ఆనాటి థర్మామీటరు ఇప్పటిదానికంటే పొడుగు. అంకె నిలబడేసరికి పావుగంట పైన పట్టేది. ఆ లెక్కలన్నీ 1868లో పుస్తకంగా అచ్చువేసి, ఆరోగ్యవంతుడి వేడి 37 సెంటిగ్రేడు డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందన్నాడు. ఆ 37ను ఫారన్‌హీటులోకి మారిస్తే వచ్చినదే 98.6. పూర్ణాంకంగా ఉన్నంతసేపు ‘సుమారు’ అన్న మాట దాని వెనక ఉండేది. చుక్క పక్కన ఆరు చేరేసరికి బంగారం తూచినంత ఖచ్చితమైనట్టు కనిపించింది. జనం దాన్నే పట్టుకున్నారు.

నిజానికి ఆయన కూడా అందరికీ ఒకే అంకె అనలేదు. తెల్లవారుజామున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉంటుందనీ, ముసలివాళ్ళకు తక్కువ ఉంటుందనీ ఆయనే చెప్పాడు. ఆ మాటలు పుస్తకంలో ఉండిపోయాయి, అంకె మాత్రం ఊళ్ళమీద పడింది. 1992లో అమెరికాలో మాకోవియాక్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 148 మంది ఆరోగ్యవంతుల్ని మళ్ళీ కొలిచి చూస్తే సగటు 98.2 తేలింది. వుండర్‌లిష్ వాడిన థర్మామీటరు ఒకటి ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో దొరికితే, దాన్నీ పరీక్షించారు. అది ఉన్నదానికంటే ఒకటిన్నర సెంటిగ్రేడు డిగ్రీల వరకూ, ఒక్కొక్కచోట అంతకు మించీ, ఎక్కువ చూపిస్తోందట!

“అయితే నాన్నమ్మ థర్మామీటరు తప్పు కాదన్నమాట, ఆ జర్మనీ ఆయనదే తప్పన్నమాట” అంది పిల్ల.

అంత తేలిగ్గా తోసెయ్యడానికీ వీల్లేదు. 2020 జనవరిలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఇంకో సంగతి బయటపెట్టారు. వాళ్ళ దేశపు అంతర్యుద్ధంలో పనిచేసిన సైనికుల వైద్య రికార్డులు మొదలుకొని ఈనాటిదాకా ఆరు లక్షల డెబ్బై ఏడు వేల పై చిలుకు కొలతలు తీసి చూస్తే, తరతరానికీ మనిషి ఒళ్ళే కాస్త కాస్త చల్లబడుతూ వచ్చిందని తేలింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పుట్టిన మగవాడితో పోలిస్తే ఈ శతాబ్దంలో పుట్టినవాడు దాదాపు ఒక ఫారన్‌హీటు డిగ్రీ చల్లన. అప్పట్లో క్షయ, పుచ్చిన పళ్ళు, మానని పుళ్ళు ఇంటింటా ఉండేవి. ఎప్పుడూ ఏదో ఒక రోగంతో పోరాడే ఒళ్ళు కాస్త కాగుతూనే ఉంటుంది. ఆ బాధలు తగ్గడమే కారణం కావచ్చునని వాళ్ళ ఊహ.

ఇంకొక చమత్కారం. డిగ్రీలకు తన పేరు ఇచ్చిన ఫారన్‌హీటు దొర 1724లో తన కొలబద్దను లోకానికి చెప్పినప్పుడు, ఆరోగ్యవంతుడి నోట్లోనో చంకలోనో పెడితే వచ్చే వేడి అని 96 దగ్గర గీత గీశాడు. కొలబద్దను తరవాత మరిగే నీళ్ళ లెక్కతో సర్దడంతో మనిషి 98కి జరిగాడు.

“విన్నారా? ఫారన్‌హీటు దొర మొదటి లెక్కకు సరిగ్గా సరిపోయేవాళ్ళం మేమిద్దరమే” అన్నాను.

“అయితే ఆ దొరతోనే వేడినీళ్ళు పెట్టించుకోండి” అంది మా ఆవిడ.

బస యజమాని ఇదంతా వింటూ కూర్చుని, చివరికి, “అయ్యా, మా చేతులూ పొద్దున్నే మంచులాగే ఉంటాయి. గుండెలమీద చెయ్యేసి చూస్తే గదా అసలు వేడి తెలిసేది” అన్నాడు. ఎంత చక్కని మాట! చేతులు చల్లబడడం వేరు, లోపలి వేడి తగ్గడం వేరు. బయట చలి వేసినప్పుడు ఒళ్ళు తెలివిగా చర్మంలోని రక్తనాళాల్ని ముడిచేసి, ఉన్న వేడిని గుండె, మెదడు, కాలేయం కోసం దాచుకుంటుంది. ఇంకా చలి వేస్తే వణుకు పుట్టించి కండరాల చేత వేడి చేయిస్తుంది. అంచేత లంబసింగి వెళ్ళినంత మాత్రాన ఎవడి ఒంటి వేడీ దిగిపోదు. నావంటివాడిది 96.6 గానే ఉంటుంది, ఇతరులది 98 గానే ఉంటుంది.

మర్నాడు తెల్లవారుజామున అమ్మనూ మా ఆవిడనూ బసలోనే ఉంచి మిగతావాళ్ళం చెరువులవేనం కొండ ఎక్కాం. కింద లోయ కనిపించదు. లోయ నిండా పాలు పొంగినట్టు మేఘాలు. మధ్య మధ్య కొండ కొమ్ములు దీవుల్లా తేలుతుంటాయి. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ ఆ తెలుపు మీద మొదట కుంకుమ రంగు, ఆ పైన పసుపు రంగు పడి, ఉన్నట్టుండి పొగమంచు చీలి ఎక్కడో కింద ఒక గుడిసె, ఒక ఆవు కనిపించాయి. చూడవచ్చినవాళ్ళు ఒక్క నిమిషం ఫోటోలు తీయడం కూడా మరిచిపోయారు. ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఈ రోజుల్లో ఏ దృశ్యానికి కావాలి?

తిరిగి వస్తూ కాఫీ తోట చూశాం. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ళకు చుట్టుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. ఎర్రగా పండిన కాయలు కోసి వాకిళ్ళలో ఆరబోశారు. రోడ్డు పక్క స్ట్రాబెర్రీలు అట్టపెట్టెల్లో అమ్ముతున్నారు. మా మరదలు రెండు పెట్టెలు కొంది. ఒకటి పుల్లగా ఉన్నది. రెండోది అంతకంటే పులుపు!

మధ్యాహ్నం అమ్మ కోరిక తీర్చడానికి చింతపల్లి వెళ్ళాం. 1922 ఆగస్టు 22న సీతారామరాజు తన మనుషులతో మొట్టమొదట పడింది ఈ చింతపల్లి పోలీసు స్టేషను మీదనే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తీసుకున్న తుపాకుల లెక్క స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం చేసి వెళ్ళాడని చెబుతారు. అమ్మ కారు ఆపించి, దిగకుండానే కిటికీలోంచి ఆ వైపు చూసి, రెండు చేతులూ జోడించింది. దిగమంటే “కాళ్ళు బరువుగా ఉన్నాయిరా” అంది. అప్పటికి ఎవరికీ ఏమీ తోచలేదు. ఎనభై రెండేళ్ళ మనిషికి కాళ్ళు బరువుగా ఉండడం వింతా?

సాయంత్రం అమ్మ కాఫీ వద్దంది. కాఫీ వద్దనడం మా అమ్మ చరిత్రలో లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. మనవరాలు వెళ్ళి పలకరిస్తే, ఎప్పుడో కాలం చేసిన మా పిన్ని పేరు పెట్టి పిలిచింది. పిల్ల గాభరాపడి థర్మామీటరు పెట్టింది. 98.9.

“తొంభై ఎనిమిది పాయింటు తొమ్మిది అంటే జ్వరమే కాదు. అలసట. మిరియాల కషాయం ఇస్తే తెల్లారేసరికి సర్దుకుంటుంది” అన్నాడు తమ్ముడు. వాడి మాటలో తప్పేముంది? లోకమంతా చదువుకున్న లెక్క అదే గదా.

పిల్ల మాట్లాడకుండా సంచిలోంచి ఆ డైరీ తీసి నా చేతిలో పెట్టింది. పేజీలు తిప్పాను. 96.6, 96.8, 96.5, 96.7. మూడేళ్ళపాటు ఏ రోజునా 97 దాటలేదు. నాకు వెన్నులో చలి పుట్టింది. అది లంబసింగి చలి కాదు. రెండు డిగ్రీలకు పైన పెరిగిందన్నమాట. ఇతరుల లెక్కలో చెప్పాలంటే అది దాదాపు నూటొకటి జ్వరం.

పది నిమిషాల్లో కారులో దగ్గరి ఆరోగ్య కేంద్రానికి చేరాం. అప్పుడు అక్కడ ఉన్నది ఒక నర్సు. పాతికేళ్ళు కూడా ఉండవు, స్వెట్టరు మీద తెల్లకోటు. తనే థర్మామీటరు పెట్టి చూసింది. 99. ఆ అంకె చూసి “ఏమీ లేదు” అంటుందేమోనని నేను డైరీ తెరవబోతున్నాను. ఆ అమ్మాయి నా వంక తిరిగి, “మామ్మగారికి మామూలుగా ఎంత ఉంటుందండీ?” అని అడిగింది.

పాఠకులారా, నా అరవై పై చిలుకు ఏళ్ళ జీవితంలో ఎంతమంది నా నోట్లోనూ మా అమ్మ నోట్లోనూ థర్మామీటరు పెట్టి ఉంటారో లెక్కలేదు. ఆ ప్రశ్న అడిగిన మనిషిని నేను చూడడం అదే మొదలు.

డైరీ చూపించాను. ఒక్కసారి చూసి, చకచకా పని మొదలుపెట్టింది. ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై ఆరు. వేలికి క్లిప్పు తగిలించి ఆక్సిజన్ చూసింది. 91. “పెద్దవాళ్ళకు జ్వరం కొండలా రాదండీ. మామూలు మీద రెండు డిగ్రీలు పెరిగితే చాలు, లోపల ఏదో ఉన్నట్టే లెక్క. మనిషి తికమకపడడం కూడా గుర్తే” అంటూ డాక్టరుగారికి కబురు చేసింది. ఆయన వచ్చి వీపు మీద స్టెతస్కోపు పెట్టి, కుడివైపు కింద ఊపిరితిత్తిలో చప్పుడు ఉందన్నారు. ఆక్సిజన్ పెట్టి, మొదటి సూదిమందు అక్కడే ఇచ్చి, 108 బండిలో కొండ దిగువకు పంపించారు.

ఆ రాత్రి ఘాటీ దిగడం నేను మరిచిపోలేను. పగలు అందంగా ఉన్న ఆ మలుపులే రాత్రి ఎంత పొడుగో! బండి దీపాల వెలుగులో పొగమంచు తెల్లని తెరలా ఎదురువచ్చి చీలిపోతూ ఉన్నది. మా ఆవిడ “అత్తయ్యగారూ, అత్తయ్యగారూ” అని పిలుస్తూనే ఉన్నది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచీ చల్లగా తెలిసిన ఆ చెయ్యి ఆ రాత్రి వెచ్చగా ఉన్నది. నాకు భయం వేసింది ఆ వెచ్చదనానికే.

ఎక్స్‌రేలో న్యుమోనియా అని తేలింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. “ఇది కొండ చలికి వచ్చింది కాదు. బయలుదేరక ముందే లోపల మొదలై ఉంటుంది. ఇంకొక రాత్రి అలసట అనుకుని పడుకోబెట్టి ఉంటే కష్టమయ్యేది” అన్నారు అక్కడి డాక్టరుగారు. నాలుగో రోజున అమ్మ కళ్ళు తెరిచి, స్పష్టంగా, “కాఫీ ఏదిరా?” అంది. మా తమ్ముడు వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు. ఆ రోజున థర్మామీటరు 96.9 చూపించింది. ఇంకొకరైతే అంత తక్కువ చూసి కంగారుపడేవారు. మేము పండగ చేసుకున్నాం.

ఇంటికి వచ్చాక అడిగితే అమ్మ నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది: “భోగినాటి నుంచీ పొడిదగ్గు ఉందిరా అబ్బాయీ. చెబితే ప్రయాణం మానిపిస్తారని చెప్పలేదు. చింతపల్లి చూశాను గదా, ఇక ఫరవాలేదు.” ఆవిడ మీద కోప్పడే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

లంబసింగి వెళ్ళదలచినవాళ్ళకు నాలుగు మాటలు. డిసెంబరు, జనవరి నెలలు మంచివి. నవంబరు, డిసెంబరుల్లో వెళితే వలిసె పూల పసుపు కూడా కంటికి దక్కుతుంది. శని, ఆదివారాలు జనం విపరీతం, వారం మధ్య వెళ్ళండి. చెరువులవేనం ఎక్కాలంటే సూర్యోదయానికి గంట ముందే లేవాలి. ఉన్ని దుస్తులు రెండు జతలు, చెవులు మూసే టోపీ తప్పనిసరి. తాజంగి జలాశయం, కొత్తపల్లి జలపాతం కూడా చూసి రావచ్చు. కాఫీ గింజలు తోటవాళ్ళ దగ్గరే కొనండి.

ఆ పెట్టెలో ఒక థర్మామీటరు, ఒక చిన్న పుస్తకం కూడా పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న రోజునే, నాలుగైదు రోజులు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇంట్లో ప్రతి ఒక్కరికీ నోట్లో పెట్టి చూసి అంకె రాసి ఉంచండి. ఎప్పుడూ ఒకే థర్మామీటరు, ఒకేచోట పెట్టాలి. చంకలో పెడితే నోట్లో కంటే తక్కువ చూపిస్తుంది. కాఫీ తాగిన వెంటనే చూడకూడదు. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళవి రాయండి. ఎవరికి ఎంత మామూలో తెలిస్తే, ఎంత పెరిగిందో అప్పుడు తెలుస్తుంది. ఇది పది రూపాయల నోటుబుక్కు పని.

మా అమ్మ డైరీ ఇంకా నడుస్తూనే ఉన్నది. ఈ మధ్య ఆవిడే కళ్ళజోడు పెట్టుకుని తన అంకె తనే రాసుకుంటోంది. అంకె పక్కన ఆ రోజు కాఫీ ఎలా ఉన్నదో కూడా రాస్తోంది. మా ఆవిడకు అదొక్కటే కాస్త ఇబ్బందిగా ఉన్నది.